వంటింటి పరీక్షలు

నా తెర మీద పదకొండు ఫోన్లున్నాయి.
ఒక్కటీ చేతికి రాదు.
ఒకటి పాత ఫోను వేషం, ఒకటి చిన్న తెర వేషం,
ఒకటి ఎవరూ కొనకుండానే పోయిన మోడల్‌కి దెయ్యం.
అన్నింటికీ బ్యాటరీ నూటికి నూరు.
అన్నింటికీ తాము కాలిఫోర్నియాలో ఉన్నామని నమ్మకం.
ఎవరో మొదట్లో అలా రాసిపెట్టారు,
మనం మార్చకపోతే అంతే.
కిటికీ అవతల మాత్రం తార్తు. మంచు.
బస్టాపులో సాల్మె గారి కుక్క
మూడు కాళ్ల మీద నిలబడి
నాలుగోదాన్ని వెచ్చబెట్టుకుంటోంది.

ఫెర్రీ టికెట్ల యాప్ మాది.
పదకొండింటిలోనూ బంగారంలా నడిచింది.
రేవులో టికెట్లు చూసే ఐవర్ మాత్రం
వారంలో మూడోసారి రాశాడు:
నలభై శాతం ఉండగానే చచ్చిపోతోంది,
వెనక ఇరవై కార్లు, హారన్లు,
ఒకసారి మీరే వచ్చి నిలబడండి.
మా దగ్గర రావడం లేదు, అని జవాబిచ్చాను.
రోజుకు నాలుగుసార్లు రాసే వాక్యం.
అబద్ధం కాదు కాబట్టి సిగ్గు కూడా వేయదు.

సాయంత్రాలు నాకు ఇంకో పిచ్చి.
పాత టేపు గొంతు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కొన్నాను.
తెర మీద రెండు చక్రాలు తిరుగుతాయి,
వాటికి చుట్టిందేమీ లేదు.
బుసకో మీట, వణుకుకో మీట,
"వయసు" అని ఇంకోటి, సున్నా నుంచి పది.
ఏడు మీద పెట్టి వింటుంటే
ఉప్పు కోసం వచ్చిన పక్కింటి హిల్లార్
గుమ్మంలోనే ఆగిపోయాడు.
రేడియోలో ముప్ఫై ఏళ్లు టేపులు తిప్పిన మనిషి.
"ఏ మిషను?"
మిషను లేదన్నాను.
"మరి ఈ వణుకు ఎవరిది?"

జవాబు నా దగ్గర లేదు. ఆయనే చెప్పాడు.
మూడో నంబరు మిషనుకి రబ్బరు చక్రం ఒక పక్క అరిగిందట.
మధ్యాహ్నం బులెటిన్‌లో వైనో గొంతు
అందుకే కాస్త ఏడుపుగా వచ్చేదట.
జనం ఆయన్ని మెత్తని మనిషి అనుకున్నారు,
ఉత్తరాలు రాశారు,
ఒకావిడ పెళ్లి కూడా చేసుకుంది.
"మంచివాడే. మెత్తన మాత్రం కాదు."
ఉప్పు మరిచిపోయి వెళ్లాడు.

శనివారం ఓ రీలు పట్టుకొచ్చాడు.
తిప్పితే కీచుమంటోంది, పొట్టు రాలుతోంది.
"నీ దగ్గర పుట్టగొడుగులు ఆరబెట్టే పెట్టె ఉందిగా?
యాభై నాలుగు డిగ్రీలు, ఎనిమిది గంటలు."
అప్పటికే నా ఫ్రీజర్‌లో ఐవర్ మోడల్ ఫోను ఉంది,
సెకండ్ హ్యాండ్, పద్దెనిమిది యూరోలు,
ఎర్ర బెర్రీల సంచికీ చేప ముక్కలకీ మధ్య.
ఒక మూల వేడి, ఒక మూల చలి,
నడుమ మేమిద్దరం, కాఫీ.
రెండు గంటలకోసారి ఆయన రీలు తిరగేశాడు
అట్టు తిరగేసినట్టు.
పావుగంటకోసారి నేను తలుపు తీసి
ద్వీపానికి ఒక టికెట్ కొన్నాను.

నలభై ఒకటి దగ్గర నా చేతిలోనే పోయింది.
"వచ్చింది! వచ్చింది!"
"ఎవరు?" అని ఆయన వీధి తలుపు వైపు చూశాడు.

రాత్రి ఆయన దగ్గరున్న మంచి మిషను మీద ఎక్కించాం.
టేపు పుట్టగొడుగుల వాసన కొడుతోంది.
వైనో గొంతు: రేవు దగ్గర మంచు మందం,
ఓడలకు హెచ్చరిక, ఈశాన్యపు గాలి.
స్పష్టంగా, రాయిలా.
హిల్లార్ మొహం వాడింది.
"ఇది వైనో కాదు."
జబ్బు టేపులో లేదు మరి,
మిషనుతో పాటే పాత ఇనుముకి పోయింది.

కాసేపటికి, నా వైపు చూడకుండా,
"నీ ఆ వయసు మీట..."
ఏడు పెట్టాను. "వెటకారం చేయకు."
ఐదు. "తాగినట్టుంది."
మూడున్నర దగ్గర ఆయన చెయ్యి లేచింది,
స్టూడియోలో అద్దం అవతలి మనిషికి సైగ చేసినట్టు.
ఆ తర్వాత మంచు మందం మళ్లీ చెప్పారు,
ఈసారి చెప్పడానికి మనసొప్పని వాడిలా.

ఐవర్‌కి రాశాను: మా దగ్గర కూడా వచ్చింది.
రాసి చూసుకుంటే
వేళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.